ఆత్మీయ ఆకలి ఎందుకు చచ్చిపోతుంది? వినయానికీ దానికీ ఏమిటి సంబంధం?

సహోదరా, మీ ప్రశ్న రెండుమూడు సార్లు చదివాను. మీరు రాసింది క్లుప్తంగా ఇది: ఏడేళ్ళుగా హైదరాబాదులో ఒక సంఘంలో కీబోర్డు వాయిస్తూ ఆరాధన నడిపిస్తున్నారు. ఈ ఏడాది 21 రోజులు ఉపవాసం ఉన్నారు, నెలకోసారి రాత్రంతా ప్రార్థనలో గడుపుతున్నారు. అయినా బైబిలు తెరిస్తే రుచి లేదు, మోకరిస్తే మాట రాదు. మీ కాపరిగారితో చెప్పుకుంటే "నీలో గర్వం ఉంది, అందుకే ఆకలి పోయింది" అన్నారు. ఆకలి మళ్ళీ ఎలా పుడుతుంది, ఆయన అన్నది నిజమేనా, ఆరాధన బృందం నుంచి తప్పుకోవాలా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. ఆత్మీయ ఆకలిని ఎవరూ తెచ్చిపెట్టుకోలేరు. కడుపు దేనితో నిండి ఉందో గుర్తించి దాన్ని పక్కన పెట్టడం వరకే మన చేతిలో ఉంది. నా దగ్గర ఏమీ లేదని దేవుడి ముందు ఒప్పుకోవడమే వినయం. ఆ ఒప్పుకోలు జరిగిన చోట ఆకలి దానంతట అదే మొదలవుతుంది. మీ కాపరిగారి మాటలో కొంత నిజం ఉండవచ్చు, కానీ ఆకలి లేని ప్రతివాడూ గర్విష్ఠి కాడు. బృందాన్ని వదిలేయకండి, కొన్నాళ్ళు పక్కకు జరగండి. ఇక కారణాలు.

నేను ప్రకాశం జిల్లా పల్లెల్లో 31 ఏళ్ళు కాపరిగా పనిచేసి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నవాణ్ణి. ఆ 31 ఏళ్ళలో దాదాపు మూడేళ్ళు సరిగ్గా మీరున్న చోటే ఉన్నాను. ఆ సంగతి అప్పట్లో నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయం మూడో వచనం తెరవండి. ఇశ్రాయేలీయులను అరణ్యంలో దేవుడు ఎలా నడిపించాడో మోషే గుర్తుచేస్తున్నాడు: "నిన్ను అణచి నీకు ఆకలి కలుగజేసి". ఆ తరువాతే మన్నాతో పోషించాడు. ముందు అణచడం, తరువాత ఆకలి, ఆ తరువాత అన్నం. మనం ఈ వరుసను తలకిందులు చేస్తాం. ముందు మన్నా కావాలి, అది తింటే ఆకలి పుడుతుందేమో చూద్దాం అనుకుంటాం. అణచడం అనే మాట దగ్గరికి అసలు రాము.

ఆ అరణ్యంలోనే ఇంకో సంగతి జరిగింది. సంఖ్యాకాండం 11లో అదే జనం ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలనూ, కీరకాయలనూ, ఉల్లిపాయలనూ తలచుకుని ఏడ్చారు. బానిసలుగా వెట్టిచాకిరీ చేస్తూ తిన్న తిండి వాళ్ళకు ఉచితంగా కనిపించింది, ఆకాశం నుంచి రోజూ రాలుతున్న మన్నా చప్పగా తోచింది. నాలుక ఇంకా ఐగుప్తులోనే ఉంది. రుచి పోయిందని మనవాళ్ళు నాతో చెప్పుకున్నప్పుడల్లా నాకు ఈ అధ్యాయం గుర్తొస్తుంది. సామెతల గ్రంథం 27లో "కడుపు నిండినవాడు తేనెపట్టునైనను త్రొక్కివేయును" అని ఉంది కదా, తేనెలో లోపమేమీ లేదు.

ఇప్పుడు నా సంగతి.

అప్పట్లో నాకు మూడు ఊళ్ళ సంఘాలు. ఆదివారం పొద్దున్నే మోపెడ్ మీద బయలుదేరితే ఒకే ప్రసంగం మూడు చోట్ల చెప్పి, చీకటిపడ్డాక ఇంటికి చేరేవాణ్ణి. మూడో ఊరికి వచ్చేసరికి నా గొంతు ఒక్కటే అక్కడ ఉండేది. బైబిలు చదవడం మానలేదు. రోజూ చదివేవాణ్ణి, ప్రసంగానికి పనికొచ్చే ముక్క కోసం. మంచి వచనం కంటపడితే "ఇది ఫలానా వాళ్ళకు బాగా తగులుతుంది" అనుకునేవాణ్ణి. నాకు తగిలేది కాదు. పెళ్ళివంట చేసేవాళ్ళను చూశారు కదా, తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర ఉండి, అందరూ భోంచేశాక విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగదు. వాసనకే కడుపు నిండిపోతుంది. పరిచర్యలో ఉన్నవాళ్ళ కడుపు ఇలాగే నిండుతుంది, తిన్నామో లేదో మనకే తెలియదు.

ఫిబ్రవరి నెల, మిరప కోతల రోజులు. బుధవారం సాయంత్రం కూడిక. ఆడవాళ్ళు చేల నుంచి నేరుగా వచ్చి చాపల మీద కూర్చున్నారు. మందిరమంతా మిరప ఘాటు, ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. ముందు వరుసలో అరవై దాటిన ఒక పెద్దమ్మ ఉంది. మండుతున్న చేతులకు కొబ్బరినూనె రాసుకుని, ఎక్కడా తగలకుండా అరచేతులు పైకి పెట్టుకుని కూర్చుంది. ఆమెకు చదువు రాదు. మనవరాలి చేత చదివించుకుని వాక్యాలు కంఠతా పట్టేది. ఆ రోజు నేను తీసుకున్నది పైన చెప్పిన వచనమే. ఇంకో ఊళ్ళో కూడిక ఉంది, తొందరలో ఉన్నాను. చదవడం ముగించగానే ఆమె మెల్లగా, "అయ్యగారూ, ఒక మాట వదిలేశారు" అంది.

"నిన్ను అణచి" అన్న మాట నేను చదవలేదు. నేరుగా ఆకలి దగ్గరికి వెళ్ళిపోయాను.

నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు రాయాలన్నా సిగ్గుగా ఉంది. పైకి నవ్వి, "సరేనమ్మా" అని ఆ మాట మళ్ళీ చదివాను. లోపల మాత్రం, అక్షరం ముక్క రాని మనిషి ఇరవై మంది ముందు నన్ను దిద్దడమా అని ఉడికిపోయాను. రెండో ఊళ్ళో ప్రసంగం ఎలా చేశానో గుర్తులేదు. తిరిగి వస్తూ చెరువు కట్ట మీద మోపెడ్ ఆపి చాలాసేపు కూర్చున్నాను. ఆమెకు నన్ను దిద్దాలన్న ఆలోచన లేదు. ఆ మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది, అది రాలేదు, అంతే. వడ్డించేటప్పుడు ఒక ముద్ద తగ్గితే ఆకలిగా ఉన్నవాడికి తెలుస్తుంది, వడ్డించేవాడికి తెలియదు.

ఆ రాత్రి నా భార్యతో చెప్పాను, నాకు లోపల ఏమీ లేదు, మూడేళ్ళ నుంచి లేదు అని. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. "నాకు ఎప్పుడో తెలుసు. ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు కూడా మీరు ప్రసంగం చేస్తున్నట్టే ఉంటుంది" అంది.

ఆకలి ఆ రాత్రే రాలేదు. ఇది మీకు ముఖ్యం, అందుకే చెబుతున్నాను. ఒప్పుకున్న మర్నాడు కూడా బైబిలు అలాగే చప్పగా ఉంది. తేడా ఒక్కటే, చప్పగా ఉందని ప్రభువుతో చెప్పగలిగాను. అంతకుముందు ఆయన ముందు కూడా నటించేవాణ్ణి. వానలు మొదలయ్యాక ఒక రోజు 42వ కీర్తన చదువుతున్నాను. దుప్పి నీటివాగుల కోసం ఆశపడినట్టు అన్న కీర్తన. అక్కడ "నా ప్రాణము" అని మనం చదివే హెబ్రీ మాట నెఫెష్. దానికి గొంతు అనే అర్థం కూడా ఉంది. ఎండిన గొంతు అన్నమాట. ఆ కీర్తన చివరిదాకా చదివాక ఒక సంగతి గమనించాను. ఇది ఎవరికి చెప్పాలి, ఎక్కడ వాడుకోవాలి అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. పుస్తకం మూసి చాలాసేపు ఏడ్చాను.

కొండమీది ప్రసంగంలో కూడా ఇదే వరుస కనిపిస్తుంది. "ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు" అనేది మొదటి మాట. "నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులు" అనేది నాలుగోది. దీనత్వం గడప లాంటిది, దాటితేనే ఆకలి ఉన్న గదిలోకి వస్తాం. దీనులు అని మన బైబిల్లో ఉన్న చోట గ్రీకులో ప్తోఖోస్ అనే మాట ఉంది. రెక్కాడితే గాని డొక్కాడని కూలివాడికి గ్రీకులో పెనేస్ అని వేరే మాట ఉండేది. ప్తోఖోస్ అంటే ఆ కూలి కూడా లేనివాడు, ఎవరైనా పెడితే తప్ప పూట గడవనివాడు. కూలివాడికి నా కష్టం నేను తింటున్నాను అనే ధైర్యమైనా ఉంటుంది. నా ఉపవాసం, నా రాత్రి ప్రార్థన, నా ఏడేళ్ళ సేవ అని లెక్క చెప్పుకున్నంత కాలం మనం దేవుడి దగ్గర కూలి అడుగుతున్నాం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ పెద్దమ్మ అరచేతులు గుర్తొస్తాయి.

యేసు చెప్పిన సుంకరి, పరిసయ్యుడు కథలో కూడా గమనించండి, భక్తిలో తనకు తిరుగులేదనుకునే పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండేవాడు. శరీరానికి ఆకలి ఉంది, అయినా ఆత్మ నిండుగా ఉంది. మీ 21 రోజులను నేను చిన్నచూపు చూడటం లేదు. ఆ 21 రోజుల సంగతి ఎంతమందికి తెలుసు అని మాత్రం అడుగుతున్నాను. బృందంలో అందరికీ తెలిసి ఉంటే, ఆ ఉపవాసం ఒక పూట అన్నం పెట్టేసింది మీకు, మెప్పు రూపంలో.

మీ కడుపు దేనితో నిండి ఉండవచ్చు? మీరు రాసినదాన్ని బట్టి నాకు మూడు అనుమానాలు. మెప్పు గురించి ఇప్పుడే చెప్పాను. రెండోది, రోజూ ఆఫీసుకు వెళ్తూ వస్తూ ఫోనులో రెండుమూడు ప్రసంగాలు వింటానని రాశారు. ప్రసంగాలు చేసిన మనిషిగా చెబుతున్నాను, అన్ని వినకండి. ఒకరు నమిలిన అన్నం మీద బతకడం అలవాటైతే పళ్ళు బలహీనపడతాయి. వారానికి ఒక్కటి వినండి, దాని మీద ఆలోచించండి. మూడోది అన్నిటికన్నా కనిపెట్టడం కష్టం. అవసరమైనవాడిగా ఉండటం. నేను లేకపోతే ఆదివారం పాట లేదు అనే భావన. అది గర్వంలా అనిపించదు, బాధ్యతలా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది.

ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘం "నాకేమియు కొదువలేదు" అని చెప్పుకుంటుంది. ఆ పట్టణం ఇప్పటి టర్కీ దేశంలో ఉండేది. డబ్బు లావాదేవీలకూ, నల్ల ఉన్నికీ పేరు. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి పడిపోతే రోము సాయం తీసుకోకుండా సొంత డబ్బుతోనే తిరిగి కట్టుకున్నారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఊరికి అది గొప్ప సంగతే. కానీ ఎవరి సాయమూ అక్కర్లేదనే ఆ ఊరి గాలి సంఘంలోకి కూడా వచ్చేసింది. అందుకే ప్రభువు ఆ సంఘం తలుపు బయట నిలబడి తట్టవలసి వచ్చింది. మనం ఆ వచనాన్ని అన్యజనులకు సువార్త చెప్పడానికి వాడతాం గానీ, ఆయన తట్టింది విశ్వాసుల తలుపు.

తలుపు ఎలా తెరుచుకుంటుందో చూడాలంటే మన హైదరాబాదులోనే ఒక సాక్ష్యం ఉంది. భక్త్ సింగ్ గారి పేరు మీరు వినే ఉంటారు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో బైబిలు బహుమతిగా ఇస్తే, తోలు అట్ట బాగుందని అది ఉంచుకుని లోపలి కాగితాలు చించేశారు. ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు వెళ్ళి, 1928లో ఓడలో కెనడా ప్రయాణం చేస్తూ, ఓడలో జరిగిన క్రైస్తవ ఆరాధనకు మర్యాద కోసం వెళ్ళారు. ప్రార్థనకు అందరూ మోకరించారు. ఆయన మోకరించలేకపోయారు. తన మతం, చదువు, హోదా అన్నీ లోపల అడ్డుపడ్డాయని తరువాత ఆయనే చెప్పుకున్నారు. చివరికి, మసీదులకూ గుడులకూ వెళ్ళినప్పుడు చెప్పులు విడిచి గౌరవించాను కదా, ఈ చోటునూ గౌరవించాలి అనుకుని మోకాళ్ళు వంచారు. ఆ క్షణంలోనే లోపల ఏదో మార్పు మొదలైందని ఆయన సాక్ష్యం. తరువాతి ఏడాది డిసెంబరులో, కెనడాలోని విన్నిపెగ్‌లో, ఒక స్నేహితుడి దగ్గర చిన్న కొత్త నిబంధన అడిగి తీసుకుని తెల్లవారుజామున మూడింటిదాకా చదివారు. మర్నాడు మంచు కురుస్తుంటే పడక మీదే ఉండి మళ్ళీ చదివారు. కాగితాలు చించేసిన మనిషే!

ఓడలో మోకాళ్ళు వంగడానికీ, ఆ రాత్రి చదువుకూ మధ్య ఏడాదికి పైగా గడిచింది. మోకాళ్ళు వంగింది కూడా విశ్వాసంతో కాదు, మర్యాదతో. ఆ మాత్రం వంగడాన్ని కూడా దేవుడు వృథా పోనివ్వలేదు. కాబట్టి మీ వినయం పూర్తయ్యాక ఆకలి వస్తుందని లెక్కలు వేసుకుని కూర్చోకండి.

ఇక మీ కాపరిగారి మాట. ఆయన మిమ్మల్ని ఎరిగినవారు, నేను ఎరగను. కాబట్టి ఆ మాటను ముందుగా ప్రార్థనలో పెట్టండి, వెంటనే కొట్టిపారేయకండి. కానీ నేను ఒకసారి ఇదే మాట అని ఒక మనిషికి హాని చేశాను. అది చెప్పాలి.

మా సంఘంలో ఒక అమ్మాయి, సండే స్కూలు టీచరు. కాన్పు అయిన రెండు నెలలకు వచ్చి, "అయ్యగారూ, దేవుడి మీద ఆశ చచ్చిపోయింది, బిడ్డను చూసినా ఏమీ అనిపించడం లేదు" అంది. నేను ఆమెను తగ్గించుకోమన్నాను, మూడు రోజులు ఉపవాసం ఉండమన్నాను. బాలింతకు! ఆమె ఉంది కూడా. పరిస్థితి ఇంకా దిగజారింది. చివరికి ఆమె అత్తగారే, చదువుకున్న మనిషి కూడా కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కాన్పు తరువాత వచ్చే కుంగుబాటు అని డాక్టరు చెప్పి మందులు ఇచ్చారు. కొన్ని నెలల్లో కోలుకుంది. నేను వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆమె నన్ను క్షమించింది, కానీ ఆ మూడు రోజులు నేను మరచిపోలేదు.

ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని చచ్చిపోవాలని కోరుకున్నప్పుడు దేవుడు అతని గర్వం గురించి ఒక్క మాట అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ తినమన్నాడు. "నీ శక్తికి మించిన ప్రయాణం" అని జాలిపడ్డాడు. కాబట్టి మీరు మొదట ఇవి చూసుకోండి: రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు? ఇంట్లో ఎవరైనా చనిపోయారా? వాక్యం ఒక్కటే చప్పగా ఉందా, లేక అన్నం, స్నేహితులు, పాట, అన్నీ చప్పగా ఉన్నాయా? అన్నీ చప్పగా ఉంటే ముందు డాక్టరును కలవండి. అది విశ్వాసం లేకపోవడం కాదు. వాక్యం ఒక్కటే చప్పగా ఉండి, మెప్పు మాత్రం ఇంకా తియ్యగా ఉంటే, అప్పుడు మీ కాపరిగారి మాట నిజమై ఉండవచ్చు.

ఇంకో జాగ్రత్త. మన సంఘాల్లో ఎక్కువమందిమి మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. తరతరాలుగా "అణిగి ఉండు" అని వింటూ పెరిగాం. అందుకే వినయం మీద ప్రసంగం చెప్పిన ప్రతిసారీ నాకు గుండెల్లో ఒక బరువు ఉండేది, విన్నవాళ్ళు దాన్ని ఏ చెవితో వింటారో అని. దేవుడి ముందు దీనత్వం వేరు, మనుషుల ముందు తలవంచి బతకడం వేరు. ఒంగోలు ప్రాంతంలో తొలి విశ్వాసుల్లో యర్రగుంట్ల పేరయ్యగారు మాదిగవారు, తోళ్ళ వ్యాపారం చేసేవారు. యేసు పేరు వినకముందే దేవుడి కోసం వెతుకుతూ గురువులను ఆశ్రయించి యోగం నేర్చుకున్నారు. ఊరు అంటరానివాడన్న మనిషి, దేవుణ్ణి వెతికే అర్హత నాకు లేదు అనుకోలేదు. 1866లో బాప్తిస్మం తీసుకుని పల్లెపల్లెకూ తిరిగి చెప్పారు. ఆ తొలితరం విశ్వాసులు ఆదివారం పనికి రాము అన్నారు, చచ్చిన పశువు మాంసం తినము అన్నారు, ఊరి పెద్దలు కన్నెర్ర చేసినా వెనక్కి తగ్గలేదు. ప్రభువు ముందు నేలకు వంగినవాళ్ళే మనుషుల ముందు నిటారుగా నిలబడ్డారు. ఎవరైనా నాయకుడు వినయం పేరు చెప్పి మీ నోరు మూయిస్తుంటే, లెక్క అడిగినందుకు గర్విష్ఠి అంటుంటే, అది వేరే సంగతి. మీ కాపరిగారు అలాంటివారని నేను అనడం లేదు. మీ ఉత్తరంలో అటువంటి జాడ కనిపించలేదు కూడా.

ఏం చేయమంటారు అంటే, నాకు పనికొచ్చినవి చెబుతాను. రోజూ ఒక్క కీర్తన, తలుపు వేసుకుని, నోటితో పైకి చదవండి. పాటకు పనికొచ్చే మాట తడితే రాసుకోకండి, పోనివ్వండి. ఉపవాసం ఉంటే ఎవరికీ చెప్పకండి, ఆ పూట మిగిలిన డబ్బు ఆకలిగా ఉన్నవాళ్ళకు చేరేలా చూడండి. యెషయా 58లో దేవుడు అడిగిన ఉపవాసం అదే. మీకన్నా తక్కువ తెలుసు అని మీరు లోపల అనుకునే ఒకరి దగ్గరికి వెళ్ళి, నా కోసం ప్రార్థన చేయండి అని అడగండి. మీ తల మీద వాళ్ళు చెయ్యి పెట్టి తడబడుతూ ప్రార్థిస్తుంటే మధ్యలో మీరు అందుకోకండి. ఇది నాకు ఉపవాసం కన్నా కష్టమైంది. నేను అడిగింది ఆ పెద్దమ్మనే. ఆమె నాలుగు వాక్యాలు చెప్పి ఆమేన్ అంది. అందులో ఒకటి, "మా అయ్యగారు అలసిపోయారు ప్రభువా, కాస్త అన్నం పెట్టు."

చివరిది, బృందం సంగతి. మా ప్రాంతంలో జరిగిన ఒక విషయం మీకు ఉపయోగపడుతుంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకుని, వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ పనిలో సువార్త విన్నవాళ్ళు బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో వాళ్ళకే తెలియాలని. సాయం ముగిసింది, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పారు. జనం వెళ్ళిపోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడి ఇచ్చారు. ఆ ఏటి ఒడ్డున నేను చాలాసార్లు కూర్చున్నాను.

మీరూ ఒక రెండు నెలలు మెప్పు అనే ఆ సాయం ఆపి చూసుకోండి. మీ కాపరిగారి అనుమతి తీసుకుని కీబోర్డు ఇంకొకరికి ఇవ్వండి. ఎందుకు అని ఎవరైనా అడిగితే, "ఆకలి తెలియడం లేదు, కొన్నాళ్ళు కూర్చుని తింటాను" అని ఉన్నమాట చెప్పండి. వెనక వరుసలో, మిమ్మల్ని ఎవరూ పట్టించుకోని చోట కూర్చోండి. మొదటి ఆదివారం మీ వేళ్ళు ఒళ్ళో ఆడుతూనే ఉంటాయి. కొత్తగా వాయించే పిల్లవాడు ఒక స్వరం తప్పితే మీ ముఖం చిట్లుతుంది. పాట అయ్యాక అందరూ వాణ్ణి మెచ్చుకుంటే ఇంకా కష్టంగా ఉంటుంది. ఆ రాత్రి వేరే ప్రార్థన ఏదీ వద్దు, జరిగింది జరిగినట్టు ప్రభువుతో చెప్పి పడుకోండి.